ఒకే వేపచెట్టు, రెండు దూలాలు

మా అనంతపురం వైపు బూజు గురించి మాట్లాడితే జనం నవ్వుతారు. ట్యాంకరు వస్తుందని బిందెలు వరసగా పెట్టుకుని కూర్చునే ఊళ్ళలో ఇంటికి చెమ్మ ఎక్కడినుంచి వస్తుందని అడుగుతారు. నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను. కళ్యాణదుర్గంలో సిమెంటూ రంగులూ అమ్మే అంగడి నడిపినవాణ్ణి. గోడల గురించి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదనే పొగరు కూడా ఉండేది. నీళ్ళు తగలడం వల్ల ఇల్లు చెడదని, తగిలిన నీళ్ళను ఆరనివ్వకపోవడం వల్లే చెడుతుందని నేను నేర్చుకున్నది మా సొంత ఇంట్లోనే. అదీ దాన్ని పాడు చేసిన తర్వాత.

మాది మట్టి మిద్దె. అడ్డంగా గదికొక పెద్ద దూలం, దాని మీద దంతెలనే చిన్న వాసాలు, దంతెల మీద సన్నకట్టెలు, వాటి మీద వేపమండలు పరిచి, పైన మట్టి, మట్టి మీద చౌడు. కుంట గట్టు పక్కన తెల్లగా పొంగినట్టుండే ఆ ఉప్పుమట్టిని ఏటా వానలకు ముందు తవ్వి తెచ్చుకునేవాళ్ళం. నాయన పారతో తవ్వితే, అన్న తట్టకెత్తితే, నేను మోసేవాణ్ణి. మిద్దె మీద పరిచి, నీళ్ళు చిలకరించి, దిమ్మిసతో కొట్టి కొట్టి చదును చేసేవాళ్ళం. ఇప్పటికీ నాకు వానాకాలమంటే అరికాళ్ళకు ఆ చల్లటి తడిమట్టి తగిలిన జ్ఞాపకమే. మొదటి వాన పడగానే నాయన ఇంట్లోకి వెళ్ళి, పైకప్పు వైపు తలెత్తి చూస్తూ నిలబడేవాడు. ఒక్క చుక్క కారకపోతే ఏమీ అనేవాడు కాదు. ఆ రోజు మాత్రం రెండోసారి అన్నం పెట్టించుకునేవాడు.

దూలాల కథ నాయన ఎన్నిసార్లు చెప్పాడో. పొలం గట్టున పెద్ద వేపచెట్టు గాలికి ఒరిగితే, దాన్ని కొట్టించి రెండు దూలాలు కోయించాడట. కోయించగానే పెట్టలేదు. కుంట నిండే వానకోసం కాచుకున్నాడు. ఆ ఏడు కుంట నిండింది. దూలాలను అందులో వేసి, పైకి తేలకుండా బండలు పెట్టి, నెలల తరబడి నాననిచ్చాడు. పసరంతా పోయి నీళ్ళు కాఫీరంగుకు తిరిగితే, గేదెలు తాగడం లేదని ఊరివాళ్ళు తగువుకు వచ్చారు. తీశాక ఒక ఎండాకాలమంతా నీడలో ఆరబెట్టాడు. నేను ఆ దూలం మీద గుర్రమెక్కినట్టు కూర్చుని ఆడుకున్న మాట నాకు లీలగా గుర్తుంది. ఒకటి నడిమి ఇంటికి పెట్టాడు, రెండోది వెనక గదికి.

ఇంకో సంగతి కూడా అప్పుడు అర్థం కాలేదు. చౌడు మీద రెండు మూడు వానలు పడ్డాక నల్లటి పొర ఒకటి కట్టేది. ఎండలో పెళుసుగా, వానలో మెత్తగా, పాత తోలులా ఉండేది. పెరటి గోడ మీద కూడా అంతే. మట్టిలో రాళ్ళు పేర్చి కట్టిన ఆ గోడకు బూడిదరంగు మచ్చలు, ఆకుపచ్చ మచ్చలు, అక్కడక్కడ పసుపు చల్లినట్టు మచ్చలు. మేము గోళ్ళతో గీకి ఆడుకుంటుంటే నాయన అరిచేవాడు.

"గీకద్దురా నా కొడుకుల్లారా! గోడకు అది తోలు. మీ తోలు గీకితే ఊరుకుంటారా?"

అది బూజూ పాచీ కలిసి కాపురం చేసే ఒక జీవమని, మాంసం కూరలోకి మనం వేసుకునే రాతిపువ్వుది కూడా అదే జాతని, సన్నటి దారాలతో మట్టిరేణువులను కట్టి పట్టుకుంటుందని చాలా ఏళ్ళ తర్వాత ఒక పుస్తకంలో చదివాను. నాయన చదవలేదు. గీకిన చోట వాన ఎలా కోసుకుపోతుందో చూశాడు, అంతే.

అన్నకు పెళ్ళయి వదిన గోరంట్ల వైపునుంచి వచ్చింది. వాళ్ళ పుట్టింట బొరుగుల బట్టీ ఉండేది. వచ్చిన కొన్నాళ్ళకే మా వెనక గదిలో పొయ్యి తవ్వించి బట్టీ పెట్టింది. శనక్కాయ పొట్టు మంట, మూకుడులో ఎర్రగా కాగిన ఇసుక, అందులో ఉప్పుపట్టిన బియ్యం పడగానే మల్లెలు రాలినట్టు చిటపటమని పొంగే బొరుగులు. వేడివేడిగా చొక్కా ఒడిలో పోసుకుని, పచ్చి శనక్కాయలు కలుపుకుని తింటూ బడికి పోయేవాణ్ణి. పొగ గదిలో సుళ్ళు తిరిగి, నడిమి గోడకు పైన వదిలిన సందులోంచి నడిమి ఇంట్లోకి వచ్చి, అక్కడి గవాక్షిలోంచి బయటికి పోయేది. రెండు దూలాలూ కాటుక పూసినట్టు నిగనిగలాడేవి. అన్నం తింటుంటే ఎప్పుడైనా మసి రేకు ఒకటి కంచంలో పడేది. అమ్మ దాన్ని తీసి పారేసి, "తిను, కడుపులో దూలం మొలవదులే" అనేది.

ఆ మసి అంటే నాకు సిగ్గు. పట్నంలో అంగడి పెట్టాక ఆ సిగ్గు ఇంకా పెరిగింది. మెరిసే గోడల బొమ్మలు అంగడి నిండా పెట్టుకున్నవాణ్ణి, మా ఇల్లు మాత్రం పొగచూరి ఉందని ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు. నాయన పోయిన మరుసటేడు అన్నతో, ఇంటికి నేనే అంతా చేయిస్తానన్నాను. తమ్ముడు ఇంటికోసం చేస్తున్నాడని అన్న పొంగిపోయాడు. నా మనసులో ఉన్నది వేరు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళను తీసుకొచ్చి "ఇదిగో, మట్టి మిద్దె కూడా ఎలా మారిపోతుందో చూడండి" అని చూపించాలి. మా ఇల్లు నా అంగడికి నమూనా కావాలి.

పని మొదలైన రోజు వదిన బట్టీ గది గుమ్మంలో చేట పట్టుకుని నిలబడింది.

"నీ సిమెంటు ఆ గడప దాంక పూసుకో మరిదీ. ఈడికొస్తే చెయ్యిరుస్తా."

"వదినా, ఈ గది మాత్రం నల్లగా వదిలేస్తే చూసేవాళ్ళు ఏమనుకుంటారు?"

"బొరుగులు తెల్లగుంటే సాలు. గోడలు తింటారా యాడన్నా?"

అన్న నవ్వాడు. నేనూ నవ్వాను కానీ, పొగ నా కొత్త గోడల మీదికి రాకుండా నడిమి గోడ పైనున్న సందును ఇటుకలతో మూయించాను. గవాక్షి కూడా మూయించాను, పొగ ఇక వదిన గది పెరటి తలుపులోంచే పోతుందిలే అని. పెరటి గోడ మచ్చలన్నీ ఇనుప బ్రష్షుతో దగ్గరుండి గీకించాను, సిమెంటు పట్టాలంటే గోడ శుభ్రంగా ఉండాలని. నడిమి ఇంటి మిద్దె మీది నల్లపొర తీయించి సిమెంటు పాలు పోయించాను. లోపల మట్టిగోడలకు సిమెంటు. నడిమి దూలానికి మసి కడిగించి, ఈ కొసనుంచి ఆ కొస దాకా మెరిసే గోధుమరంగు పెయింటు రెండు పూతలు వేయించాను. దాని కొసలు గోడలో కూరుకున్న చోట కూడా సందు లేకుండా సిమెంటు పెట్టించాను. అద్దంలా ఉందని ఊరంతా వచ్చి చూసిపోయారు. కొందరు తమ ఇళ్ళకు కూడా చేయించుకున్నారు.

పెరటి గోడలో సగానికే సిమెంటు సరిపోయింది. మిగతా సగం గీకిన గోడ అలాగే ఉండిపోయింది. మరుసటి వానకు ఆ సగం మీదినుంచి ఎర్రమట్టి చారలు చారలుగా కారింది. కొన్నేళ్ళకు మట్టంతా పోయి రాళ్ళు పళ్ళలా బయటికి వచ్చాయి. బట్టీ వెనక నేను చెయ్యి వేయని గోడ మాత్రం మచ్చలతో అలాగే నిలబడింది. చూశాను. చూసి కూడా నాకు కాని సంగతిలా తల తిప్పుకున్నాను.

సిమెంటు మిద్దె ఎండకు సన్నగా నెర్రెలిచ్చింది. వాన తక్కువే అయినా, ఆ నెర్రెల్లోంచి దిగిన నీరు మళ్ళీ పైకి పోలేదు. పైన సిమెంటు, కింద పెయింటు, పక్కన మూసేసిన గోడ. పొగ లేదు, గాలి లేదు. దూలం కొస గోడలో తడిగుడ్డలో చుట్టినట్టు ఉండిపోయింది. ఒక ముసురు తర్వాత అన్న అంగడికి వచ్చి, "దూలం కాడ కుక్కగొడుగులు లేసినాయి రా, చూద్దువు రా" అన్నాడు. వెళ్ళి చూస్తే, పెయింటు బుడగలా ఉబ్బింది. వేలితో నొక్కితే లోపలికి పోయింది. చెక్క చిన్నచిన్న పెట్టెల్లా పగిలి, నలిపితే కాఫీపొడిలా రాలింది. గోడలోపలికి తెల్లటి దారాలు పాకి ఉన్నాయి.

అది ఏమిటో నాకు ఆ క్షణంలోనే తెలిసింది. అప్పటికే అదే గోడుతో అంగడికి ఎందరో వచ్చారు. వాళ్ళకు చెప్పే జవాబులు నా నోటికి అలవాటైపోయాయి. ఇసుక మంచిది కాదు, కట్టె మంచిది కాదు. సరుకుది మాత్రం ఎప్పుడూ తప్పు కాదు. మా అన్నకు కూడా అదే నాలుకతో చెప్పాను.

"కట్టెలోనే లోపమన్నా. నాయన పచ్చిగా ఉన్నప్పుడే పెట్టేసినట్టుండాడు."

అన్న దూలాన్ని వేలితో పొడిచి చూసి, "కుంటలో నానేసినా, ఆరబెట్టినా అనేవాడు గదరా" అన్నాడు.

"అట్లా చెప్పుకుంటారులే అన్నా."

మూడే మాటలు. చనిపోయినవాడి మీద వేస్తే ఎదురు చెప్పడు గదా. ఉబ్బిన చోట గీకించి మళ్ళీ పెయింటు వేయించాను.

అన్న మనసులో ఏదీ ఉంచుకోడు. ఊళ్ళో టీ హోటలు దగ్గర దాన్ని నవ్వులాటగా చేశాడు. ఎవరైనా కొత్తగా కట్టె కొంటే, "మా నాయన మాదిరి పచ్చిది పెట్టేరు, కుక్కగొడుగులు కోసుకుని కూర చేసుకోవాల్సొస్తాది" అనేవాడు. అందరూ పడీపడీ నవ్వేవారు. నేను పక్కనే ఉంటే నేనూ నవ్వేవాణ్ణి. కుంటగట్టున నాయన దూలాల మీద బండలు పెడుతూ మోకాటిలోతు నీళ్ళలో నిలబడిన చిత్రం కళ్ళముందు ఉన్నా నవ్వేవాణ్ణి.

ఈమధ్య కొన్నేళ్ళుగా మా వైపు వానలు తీరు మార్చుకున్నాయి. ఎండితే ఎండడం, పడితే ముసురు వదలకపోవడం. నిరుటి ముసురుకు నడిమి దూలం ఒక పక్క కుంగింది. అన్న ఫోన్ చేశాడు.

"ఎల్లుండి జేసీబీ వస్తాంది. మొత్తం తీసేస్తాండా. నీకొకమాట చెప్పాలని."

"మొత్తమా? బట్టీ గది కూడానా?"

"అదీ ఆ చెట్టుదే గదరా. ఇది కూలినాక అది నిలబడతాదా? మీ వదిన వినలా. కొట్లాడతాంది. నువ్వొచ్చి చెప్పు."

బస్సు దిగి షేర్ ఆటోలో ఊరికి పోతుంటే అన్న మాటలే చెవిలో తిరిగాయి. వదినకు చెప్పడానికి పిలిచాడు. అంటే నా అబద్ధానికి నన్నే సాక్షిగా పిలిచాడు. ఆ బట్టీ తీసేస్తే వదిన మళ్ళీ కట్టించుకోలేదు. కొత్తగా వేసే స్లాబు ఇంట్లో పొట్టు మంట పెట్టనిచ్చేవాళ్ళెవరు? ఇన్నేళ్ళు ఇల్లు గడిచింది ఆ బొరుగులతోనే.

నడిమి ఇంట్లో దూలం కింద రెండు మొద్దులు పోటు పెట్టి ఉన్నాయి. అన్న నన్ను బట్టీ గదిలోకి తీసుకెళ్ళాడు. అక్కడ వదిన బొరుగులు వేయిస్తూనే ఉంది. నా అడుగు విని కూడా తల ఎత్తలేదు.

"వచ్చినావా మరిదీ. కూల్చమని చెప్పేకి వచ్చినావా?"

అన్న పనిముట్ల పెట్టెలోంచి ఉలి తీసుకుని, స్టూలు ఎక్కి, బట్టీ గది దూలాన్ని కొస దగ్గర పొడిచాను. ఖంగుమంది. గోడలో కూరుకున్న చోట మట్టి తొలిచి మళ్ళీ పొడిచాను. ఉలి మొన జారిపోయింది తప్ప దిగలేదు. మసి రాలిన చోట లోపలి చెక్క ఎర్రగా, నిన్న కోసినట్టు ఉంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా సన్నగా వేప వాసన.

"చూడన్నా. ఉలి దిగడం లేదు. ఇనుము మాదిరి ఉండాది."

"ఈ పొద్దు ఉండాది. అది కూడా మొదట్లో అట్లే ఉన్నింది. పచ్చి కట్టె అని నువ్వే చెప్తివి గదా. ఆయమ్మ పొద్దున్నుంచి మాపటి దాంక దీని కిందనే కూచుంటాది. నెత్తిన పడితే నువ్వొచ్చి లేపుతావా?"

అప్పుడు కూడా తప్పించుకునే దారి వెతికాను. దానికి పొగ తగిలింది, దీనికి తగల్లేదు, పొగ బూజును రానివ్వదు, గోడ ఊపిరి పీల్చుకుంది, అందుకే ఇది బాగుంది అని చెప్పుకొచ్చాను. అంతా నిజమే. అన్న శ్రద్ధగా విన్నాడు. అంతటితో ఆగినా బట్టీ గది మిగిలేదేమో.

వదిన గరిటె ఆపింది.

"పొగ నడిమి ఇంట్లోకీ పోతాండె గదా. ఆ సందు యాడికి పోయినాదో కూడా చెప్పప్పా."

"నేనే మూసినాను వదినా."

స్టూలు దిగాను. అన్న వైపు చూడకుండా చెబితే అదీ తప్పించుకోవడమే అనిపించి, చూసే చెప్పాను.

"నాయన కట్టె మంచిదే అన్నా. చెడగొట్టింది నేను. నా సిమెంటు, నా పెయింటు. కుక్కగొడుగులు లేసినపొద్దే నాకు తెలిసింది. తెలిసే నాయన మీద వేసినా."

"తెలిసేనా?"

"తెలిసే."

 అన్న చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పోయాడు. నేను వెనక వెళ్ళబోతే వదిన చేట నా చేతిలో పెట్టింది.

"గమ్మున కూచో. కాసేపు వాళ్ళ నాయనతో ఉండనీ ఆయప్పను." ఇసుకలో బియ్యం వేసి, పొంగే దాకా కలిపి, నా చేటలో గుమ్మరించింది. "ఆ ఒక్క మాట నీ నోట్లోంచి రావాలంటే ఇంత లావు దూలం పుచ్చాల్సొచ్చినాదా మరిదీ?"

ఏడుపొచ్చింది. పొగకే అన్నట్టు కళ్ళు తుడుచుకుని బొరుగులు చెరుగుతూ కూర్చున్నాను.  ఇసుక చేటలో ఉండనివ్వొద్దని వదిన రెండుసార్లు గదమాయించింది.

పొద్దు వాలాక అన్న తిరిగొచ్చాడు. కాళ్ళకు కుంటమట్టి అంటి ఉంది. నా మొహం చూడకుండా, "జేసీబీ ఆయప్ప రేపు పొద్దున హోటలుకాడ ఉంటాడు. నడిమి ఇంటి వరకే పని అని నువ్వే చెప్పు. ఎందుకో కూడా చెప్పు" అన్నాడు.

"ఫోన్ చేస్తాలే అన్నా ఇప్పుడే."

"ఫోన్ గీన్ వద్దు. నేను నాయన్ను నలుగురిలో నవ్వులపాలు చేసినా. నువ్వూ ఆ నలుగురిలోనే చెప్పు."

పొద్దున హోటలు దగ్గర ఎప్పటిలాగే బల్లల మీద ఇద్దరు ముగ్గురు బొరుగుల ఉగ్గాని తింటున్నారు. జేసీబీ నడిపేవాడు టీ ఊదుకుంటున్నాడు. అన్న నా పక్కన కూర్చున్నాడు, కానీ నా వైపుకు తిరగలేదు. నేను చెప్పాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక కుంటలో దూలాలు నానేసిన దగ్గర మొదలుపెట్టాను. గేదెలు నీళ్ళు తాగని సంగతి విని ముసలాయన ఒకాయన, "అవునప్పా, మా ఎనుములే అవి" అన్నాడు. సందు మూసిందీ, మచ్చలు గీకిందీ, పెయింటు వేసిందీ, చివరికి నాయన మీద వేసిందీ చెప్పాను. ఎవరో పెద్ద గొడవ చేస్తారనుకున్నాను. ఎవరూ చేయలేదు. జేసీబీ అతను "అయితే వెనక గది ముట్టుకోవద్దంటావు" అని మాత్రం అడిగాడు. అవునన్నాను.

టీ గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడైంది. ఎదురుగా కూర్చున్న మా వీధి ఆయన, ఒకప్పుడు మా ఇల్లు చూసి మురిసి అంతా నా దగ్గరే చేయించుకున్నాయన, నన్నే చూస్తున్నాడు.

"ఏమప్పా. మా ఇంటి దూలానికి బూజు పట్టినప్పుడు మా తాత పెట్టిన కట్టె నాసిదంటివే."

"అన్నాను."

"అదీ ఇదేనా?"

"అదీ ఇదే అయ్యుంటాది. మీ తాత కట్టె మంచిదే అయ్యుంటాది. పుచ్చు యాడిదాకా పోయిందో చూసి చెప్తాను. పెయింటు గీకి, గోడ తెరిస్తే నిలబడొచ్చు."

ఆయన లేచి తువ్వాలు దులుపుకుని నడిచాడు. నేనూ లేచాను. వెనకనుంచి అన్న గొంతు, నిన్నటినుంచి మొదటిసారి మామూలుగా, నలుగురికీ వినబడేలా వచ్చింది.

"ఉండండప్పా, నేనూ వస్తా. ఈణ్ణి ఒంటిగా పంపిస్తే మళ్ళా ఎవరి తాత మీద వేస్తాడో."

బల్లల దగ్గర అందరూ నవ్వారు. ముగ్గురం ఆయన ఇంటి వైపు నడిచాం.